బులీమియా: దాచుకుంటే పెరిగే జబ్బు

 

ఈ నెల మన గోడ పత్రికలో ఆరోగ్య పాఠం రాయుట నా వంతు వచ్చింది. పోయిన నెల రక్తహీనత గురించి, అంతకు ముందు గజ్జి గురించి అక్కలు మంచిగ రాసిన్రు. నేను బులీమియా అనే జబ్బు గురించి రాస్తున్నాను. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. పోయినేడు దాకా నేను కూడ వినలేదు. కాని ఈ జబ్బు నాకు వచ్చింది. ఇప్పుడు చాలావరకు తగ్గింది.

"ఒక ఊరిలో ఒక అమ్మాయికి" అని రాద్దామని ముందు అనుకున్న. కాని నా చేతిరాత మీ అందరికీ తెలుసు. దాచి లాభం లేదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్న. డాక్టర్ మేడం చెప్పినవి, ఆమె ఇచ్చిన కాగితాలలో ఉన్నవి, బయాలజీ టీచర్ చదివి అర్థం చెప్పినవి కలిపి రాసిన. తప్పులుంటే క్షమించగలరు.

1. బులీమియా అంటే ఏమిటి?

ఇది తిండికి, మనసుకు కలిపి వచ్చే జబ్బు. దీనిలో మూడు విషయాలు ఉంటాయి.

మొదటిది: కొద్దిసేపట్లోనే చాలా ఎక్కువ తినడం. అట్ల తినేటప్పుడు "ఇగ చాలు" అని మనసు చెప్పినా చెయ్యి ఆగదు. రుచి కూడ తెలియదు.

రెండవది: తిన్న తర్వాత లావైపోతమని భయపడి, తిన్నదాన్ని ఎట్లనన్న పోగొట్టుకోవాలని చూడటం. కొందరు వాంతి చేసుకుంటారు. కొందరు విరేచనాల మందు వాడతారు. కొందరు మరునాడంతా పస్తుంటారు, లేదా ఒళ్లు హూనం అయ్యేదాక పరుగెత్తుతారు.

మూడవది: మన విలువంతా మన బరువులోనే, మన ఆకారంలోనే ఉన్నదని నమ్మడం.

ఈ తినుడు, పోగొట్టుకొనుడు వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలు జరిగితే దాన్ని బులీమియా అంటారని 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఉన్నది. అయితే మూడు నెలలు నిండేదాక ఎవరూ ఆగవద్దని డాక్టర్ మేడం గట్టిగ చెప్పింది. జ్వరం 104 దాటినాకనే గోళీ వేసుకుంటమా?

బులీమియా అనేది గ్రీకు మాట. ఎద్దు అనే మాట, ఆకలి అనే మాట కలిస్తే అది పుట్టింది. అంటే ఎద్దు ఆకలి. 1979లో లండన్‌లో రాయల్ ఫ్రీ ఆస్పత్రి డాక్టరు జెరాల్డ్ రస్సెల్ గారు తన దగ్గరికి వచ్చిన 30 మంది గురించి రాసి, ఈ జబ్బుకు ఇప్పుడున్న పేరు పెట్టినారు. అంటే పేరు పెట్టి 50 ఏండ్లు కూడ కాలేదు. మా ఊర్ల దీనికి పేరే లేదు. పేరు లేని జబ్బును అవ్వకు ఎట్ల చెప్పుడు?

ఏది బులీమియా కాదో కూడ తెలుసుకోవాలి. ఆదివారం చికెన్ నాడు రెండుసార్లు పెట్టించుకుంటే అది జబ్బు కాదు, ఆకలి. పండుగకు ఒక్కపొద్దు ఉంటే జబ్బు కాదు. పాడైన తిండి తిని నలుగురైదుగురికి ఒక్కసారే వాంతులైతే అది వేరే ప్రమాదం. వెంటనే ఏఎన్‌ఎం అక్కకు చెప్పాలి.

2. నాకు ఎట్లా మొదలైంది?

మేము నాయకపోడోళ్లం. మా ఇంట్ల నాకంటె ముందు బడికి పోయినోళ్లు లేరు. ఐదవ తరగతిల హాస్టల్‌కు వచ్చినప్పుడు నేను కట్టెపుల్ల తీరుగ ఉంటి. ఎనిమిదవ తరగతి వచ్చేసరికి ఒళ్లు మారింది. మనందరికీ మారుతది, ఆ వయసు అట్లాంటిది. అది నాకు అప్పుడు తెలియదు.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి డ్యాన్సుకు తీసుకునేటప్పుడు నా జాకెట్టు పట్టలేదు. ఒకరు ఒక మాట అన్నరు. అందరు నవ్విన్రు. నేను కూడ నవ్విన. ఆ మాట ఎవరన్నరో రాయను, వాళ్లకు గుర్తు కూడ ఉండదు. నాకు మాత్రం రాత్రి పండుకున్నా అదే వినబడేది.

తెల్లారి నుంచి టిఫిన్ మానేసిన. గుడ్డు పక్క అమ్మాయికి ఇచ్చిన. రాత్రి అన్నం కలిపినట్టు చేసి లేచిపోయేదాన్ని. అందరు "నువ్వు మంచిగ చిక్కినవే" అంటె సంతోషపడ్డ. కాని క్లాసుల లెక్క తలకెక్కేది కాదు. బోర్డు మీద వృత్తం గీస్తె నాకు రొట్టె కనబడేది. ఇది నవ్వుటానికి రాస్తలేను, నిజంగనే.

ఇట్ల కొన్ని దినాలు పోయినంక, అవ్వ పంపిన మురుకులు ట్రంకు పెట్టెల ఉన్నయి. ఒకటి తిందామని మూత తీసిన. చూసేసరికి డబ్బ ఖాళీ. నాతోపాటు తినాల్సిన ముగ్గురి వాటా కూడ నేనే తిన్న. సిగ్గుతోని, భయంతోని బాత్రూంలకు పోయి వాంతి చేసుకున్న. ఇదొక్కసారే, రేపటి నుంచి మంచిగ ఉంటనని ఒట్టు పెట్టుకున్న. ఆ ఒట్టు ఎన్నిసార్లు పెట్టుకున్ననో లెక్క లేదు.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు. ఒకటి, మా ఇంట్ల అన్నం పారేసుడు పాపం. బువ్వ మెతుకు కింద పడితే కండ్లకద్దుకొని తినేటోళ్లం. రెండవది, వాంతి చేసుకునే ఆడపిల్ల మీద హాస్టల్‌లో పుట్టే మాట ఏందో మీకందరికీ తెలుసు. ఆ మాట ఇక్కడ రాయను. అది నా మీద కూడ పుట్టింది, నా చెవిన పడ్డది. అప్పటినుంచి ఇంక ఎక్కువ దాచుకున్న.

3. చక్రం బొమ్మ

పక్కన ఎర్ర స్కెచ్‌తోని గీసిన చక్రం చూడండి. దానిలో ఐదు మెట్లు ఉన్నవి.

(1) "నేను మంచిగ లేను" అని సిగ్గు. (2) అందుకని తిండి మానుట. (3) తట్టుకోలేని ఆకలి. (4) ఆగకుండ తినుట. (5) భయపడి వాంతి. దాని తర్వాత మళ్ల సిగ్గు. మళ్ల మొదటికి.

నేను నాకు తిండిపోతు బుద్ధి ఉన్నది, అదే నా రోగం అనుకున్న. డాక్టర్ మేడం బొమ్మ గీసి, "తిండి ఎక్కడ మొదలైందో చూడు. తినడం కన్న ముందు ఏముంది?" అని అడిగింది. చూస్తే ముందు ఉన్నది పస్తు. ఆకలి నా తప్పు కాదు. ఒళ్లు బతకనీకె అడిగిన అడుగుడు అది.

దీనికి ఒక నిదర్శనం ఉన్నది. 1944, 1945 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యమైన మగవాళ్లకు, వాళ్లు ఒప్పుకున్నాకనే, ఆరు నెలలు దాదాపు సగం తిండే పెట్టినాడు. యుద్ధంలో ఆకలితో ఉన్నవాళ్లను ఎట్లా బాగుచేయాలో తెలుసుకోవడానికి ఈ ప్రయోగం. వాళ్లు గట్టి మనుషులు. అయినా కొన్నాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండ పోయింది. దిగులు, కోపం వచ్చినవి. మళ్లీ తిండి పెట్టినాక కొంతమంది ఎంత తిన్నా కడుపు నిండినట్టు అనిపించలేదు. వాళ్లను ఎవరైన తిండిపోతులు అంటారా? పస్తు పెడితే ఎవరి మనసైనా అట్లనే అయితది.

4. ఈ జబ్బు ఎవరికి వస్తది?

మా బాపు ఆస్పత్రిల డాక్టర్ మేడంను అడిగిన మాట నాకు బాగ గుర్తున్నది. "మేడం, మేము ఆకలి చూసినోళ్లం. మా అవ్వ కాలంల ఇప్పపువ్వు ఉడకబెట్టుకొని పొద్దులు గడిపిన్రు. తిన్నది కక్కుకునుడేంది? ఇది ఉన్నోళ్ల రోగం గాదా?" అన్నడు. బాపుకు కోపం లేదు, అర్థంకాక అడిగిండు.

దానికి ఆమె చెప్పినవి, తర్వాత నేను తెలుసుకున్నవి కలిపి రాస్తున్న.

ఉన్నోళ్లకు కూడ వస్తది. ఇంగ్లండు రాజకుమారి డయానా గారు తనకు ఎన్నో ఏండ్లు బులీమియా ఉండెనని 1995 నవంబరులో టీవీలో స్వయంగ చెప్పింది. రాజభవనంలో ఉన్న మనిషి కూడ దాచుకున్నదంటే ఈ సిగ్గు ఎంత గట్టిదో చూడండి.

లేనోళ్లకు కూడ వస్తది. 2017లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఉచితంగ తిండి సామాను పంచే చోటికి వచ్చిన బీదవాళ్లను అడిగి చూసినారు. ఇంట్లో తిండి కొరత ఎంత ఎక్కువ ఉంటే, దొరికినప్పుడు ఆగకుండ తినే బాధ అంత ఎక్కువ కనబడ్డది. అంటే బాపు చెప్పిన ఆకలి, నా జబ్బు, రెండూ ఒకదానికొకటి దూరం కావు.

మన అసోంటి ఆదివాసీ పిల్లలకు కూడ వస్తది. సముద్రంలో ఫిజీ అనే దీవుల దేశం ఉన్నది. అక్కడి మూలవాసులలో దిట్టంగ ఉన్న మనిషిని చూస్తే "ఈమెను ఇంటోళ్లు మంచిగ చూసుకుంటున్నరు" అని మెచ్చుకునే అలవాటు ఉండేది. నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పుడే ఆన్ బెకర్ అనే డాక్టరమ్మ అక్కడి బడి ఆడపిల్లలను అడిగింది. బరువు తగ్గాలని వాంతి చేసుకున్నమన్నవాళ్లు ఒక్కరు కూడ లేరు. మూడేండ్ల తర్వాత 1998లో అదే బడులలో, అదే వయసు పిల్లలను మళ్ల అడిగింది. ఈసారి 100కు 11 మంది అవునన్నరు. వాళ్లందరికీ జబ్బు ఉన్నదని కాదు. కాని మూడేండ్లల్ల "ఎట్లుంటే మంచిగున్నట్టు" అనే లెక్క మారిపోయింది. టీవీల కనబడే బక్కపలుచని మనుషులను చూసి, మా తీరు బాగలేదనుకున్నరు.

ఇది చదివినంక నేను చాలసేపు ఆలోచించిన. మా ఊర్ల గట్టి కాళ్లున్న పిల్లను చూసి "కట్టెల మోపు ఇట్టె ఎత్తుతది" అని మెచ్చుకుంటరు. ఇక్కడికొచ్చినంక అవే కాళ్లను దాచుకున్న. కాళ్లు మారలేదు, చూసే కండ్లు మారినయి.

మగపిల్లలకు కూడ ఈ జబ్బు వస్తది, ఆడపిల్లల కన్న తక్కువమందికి. ఇంకొక ముఖ్య విషయం: ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది చూడటానికి మామూలుగనే ఉంటరు. బక్కగ ఉండరు. అందుకే ఎవరికీ తెలియదు.

5. శరీరానికి ఏమి నష్టం?

మన కడుపులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటదని పాఠంలో చదివినం. అది కడుపులో ఉంటే మేలు. మళ్ల మళ్ల పైకి వస్తే ఈ నష్టాలు కలుగుతవి:

పండ్ల పైన ఉండే గట్టి పొర, ఎనామిల్, కరిగిపోతది. అది మళ్ల పెరగదు. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటది. (వాంతి అయిన వెంటనే బ్రష్ చేయకూడదు, నీళ్లతో పుక్కిలించాలి.)

చెవుల కింద లాలాజల గ్రంథులు ఉబ్బుతవి. ముఖం గుండ్రంగ కనబడి, లావైనమని ఇంక భయపడతరు.

గొంతు, అన్నవాహిక పుండ్లు పడతవి. ఒక్కోసారి చీరి రక్తం వస్తది.

నెలసరి తప్పవచ్చును. నీరసం, మలబద్ధకం, కండ్లు తిరుగుట ఉంటవి.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం: రక్తంలో పొటాషియం తగ్గిపోతది. గుండె సక్రమంగ కొట్టుకోవాలంటె పొటాషియం కావాలె. అది బాగ తగ్గితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తది. బయటికి బాగనే కనబడే మనిషికి కూడ ఇట్ల కావచ్చును.

ఇంత నష్టపోయినా కోరుకున్నది దొరకదు. తిన్న దానిలో చాలా భాగం ఒంటికి పట్టనే పడుతది. బరువు అనుకున్నట్టు తగ్గదు. పోయేవి నీళ్లు, లవణాలు, పండ్లు, చదువు.

6. నేను ఎట్లా బయటపడ్డ?

ముందు కనిపెట్టింది డాక్టరు కాదు, టీచరు కాదు. మన బాత్రూంలు కడిగే ఆయమ్మ. ఒకనాడు నేను బయటికి వస్తుంటే ఆమె బకెటు పక్కన పెట్టి, ఎవరూ లేంది చూసి, "ఎన్ని దినాల సంది బిడ్డా?" అన్నది. ఇంక ఏమీ అడగలేదు. తిట్టలేదు. నేను ఏడ్చిన. నీళ్లిచ్చి, నా పక్కనె కూసున్నది. తెల్లారి నన్ను అడిగి, నేను సరేనన్నంకనె, ఏఎన్‌ఎం అక్క దగ్గరికి తోలుకపోయింది. అక్క అవ్వకు కబురు పెట్టింది.

అవ్వ ముందు గాలి సోకిందనుకున్నది. మా లక్ష్మీదేవర దగ్గర ముడుపు కట్టింది. ఆ సంగతి డాక్టర్ మేడంకు చెప్పనీకె భయపడ్డది. ఆమె మాత్రం, "ముడుపు ఉండనీయండమ్మా. ఆస్పత్రికి రావడం మాత్రం మానకండి" అన్నది. రక్తం తీసి చూస్తే పొటాషియం తగ్గి ఉన్నది. ముందు దాన్ని సరిచేసిన్రు, గుండె పరీక్ష చేసిన్రు. తర్వాత అసలు చికిత్స మొదలైంది.

7. చికిత్స

చికిత్స అంటె సూదులు, గోళీలు అనుకున్న. ఇక్కడ ముఖ్యమైన మందు మాట, ఇంకా వేళకు అన్నం.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ డాక్టరు క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ గారు 1981లో ఈ జబ్బుకు మాటలతో చేసే ఒక చికిత్స గురించి రాసినారు. ఆలోచనను, అలవాటును కలిపి మార్చే పద్ధతి అది. దానిలో ముఖ్యమైన మెట్లు ఇవి:

అ) నోటు పుస్తకం రాయుట. ఎప్పుడు తిన్న, ఎక్కడ తిన్న, అప్పుడు మనసుల ఏమున్నది. నా పుస్తకంలో మంగళవారాలు ఎక్కువసార్లు చెడ్డరోజులుగ ఉన్నయి. ఎందుకని చూస్తే సోమవారం నేను అలవాటుగ పస్తుంటున్న. రాయకపోతే నాకు తెలియకపోవు.

ఆ) వేళకు తినుట. రోజుకు మూడు పూటల అన్నం, మధ్యల రెండు లేక మూడుసార్లు చిన్న తిండి. నాలుగు గంటలకంటె ఎక్కువ ఖాళీ కడుపుతో ఉండొద్దు. ఆకలైనా కాకపోయినా, ముందురోజు చెడిపోయినా, వేళకు తినాలె. పస్తుతోని సరిచేద్దామనుకోవద్దు.

ఇ) తినాలని, కక్కాలని కోరిక పొంగినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకొనుట. అది అల తీరుగ లేస్తది, కొంతసేపు ఓపిక పడితే దిగుతది. నేను ఆ టైముల ఆయమ్మ దగ్గరికన్న పోత, నీళ్ల ట్యాంకు కాడ క్యారమ్స్ అన్న ఆడుత.

ఈ) "లావైతె నేను పనికిరాను" అనే ఆలోచనను తీసి పరీక్షించుట. ఎవరు చెప్పిన్రు? నిజమేనా? మా అవ్వ మీద నాకున్న ప్రేమ అవ్వ బరువును బట్టి ఉన్నదా?

రెండవ మెట్టు మా పెదబాపు చెప్పినంక నాకు బాగ అర్థమయింది. ఆయన గోదావరిఖనిల బొగ్గుబాయిల పనిచేసి దిగిపోయిండు. "బాయి మీద పెద్ద ఫ్యాను ఒకటి రాత్రింబగళ్లు తిరుగుతది బిడ్డా. మూడు షిఫ్టులల్ల మనుషులున్నా లేకున్నా తిరుగుతది. అది ఆగిందంటె లోపల గ్యాసు జమైతది. అప్పుడు చిన్న రవ్వ చాలు" అన్నడు. పూట తప్పిచ్చుడు అంటె ఫ్యాను బందు చేసుడే. మురుకుల డబ్బ రవ్వ మాత్రమే. నేను ఇన్ని దినాలు రవ్వనే తిట్టిన.

డాక్టర్ మేడం మన హాస్టల్ టైంటేబుల్ అడిగింది. పొద్దున టిఫిన్, పదకొండింటికి రాగిజావ, మధ్యాన్నం అన్నం, సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి అన్నం. ఆమె నవ్వి, "ఇది నేను రాసిచ్చే చీటీయే. మీ హాస్టల్‌ల గంట కొట్టి మరీ ఇస్తున్నరు" అన్నది. మనం రోజూ తిట్టుకునే ఆ రైలుపట్టా ముక్క గంట నా మందు అన్నమాట.

పిల్లలకు ఇంటివాళ్లను కలుపుకొని చేసే చికిత్స ఇంక మంచిది. 2017లో ఇంగ్లండు డాక్టర్ల కోసం వచ్చిన సూచనలలో, మన వయసు పిల్లలకు ముందు కుటుంబ చికిత్సనే చెప్పినారు: ఆరు నెలలలో 18 నుంచి 20 సార్లు కూర్చోవాలె. అవ్వ, బాపు కూలి వదులుకొని వచ్చిన్రు. ప్రతిసారి కుదరలేదు, కొన్నిసార్లు వార్డెన్ ఆఫీసు ఫోన్ల మాట్లాడిన్రు. నేను ఎవరి తప్పు అని అడిగితె, డాక్టర్ మేడం, "జబ్బు అటు, మీరు నలుగురు ఇటు" అన్నది. బాపు ఆ మాట పట్టుకున్నడు. ఇప్పుడు ఫోన్ చేస్తే "అటుదాని సంగతేంది?" అని అడుగుతడు.

ఫ్లూఒక్సెటిన్ అనే గోళీ పెద్దవాళ్లకు ఈ జబ్బులో కొంత సాయం చేస్తది. గోళీ ఒక్కటే సరిపోదు. పిల్లలకు ఇయ్యాలా వద్దా అనేది డాక్టరే చూడాలె. నాకు రాయలేదు. ఎవరూ సొంతంగ మెడికల్ షాపుల కొనవద్దు.

బాగవుతదా అంటే, చికిత్స తీసుకుంటే చాలామంది బాగవుతరు. ఒక్కనాడే కాదు. నాకు సంక్రాంతి సెలవులల్ల రెండుసార్లు మళ్ల వచ్చింది. చెప్పనీకె సిగ్గయింది, కాని చెప్పిన. "మళ్ల వచ్చింది అంటె మొదటికి పోయినవని కాదు. ఈసారి ఎన్ని దినాలకు చెప్పినవు?" అని అడిగిన్రు. రెండవ దినమే చెప్పిన. మొదటిసారి చెప్పనీకె ఐదు నెలలు పట్టింది.

8. స్నేహితురాలికి ఉన్నదని అనుమానం వస్తే

చేయవలసినవి: ఒక్కదాన్నే పిలిచి మెల్లగ అడగండి. "నీ ఒంట్ల బాగలేనట్టున్నది, నేనున్న" అంటె చాలు. అన్నం కాడ పక్కన కూసొని వేరే ముచ్చట పెట్టండి. ఏఎన్‌ఎం అక్క దగ్గరికి తోడు పోండి. కండ్లు తిరిగి పడితే, గుండె దడ వస్తే, వాంతిల రక్తం పడితే రహస్యం అని ఆగవద్దు. ఆ నిమిషమే పెద్దలకు చెప్పండి. అది చాడి కాదు.

చేయకూడనివి: ప్లేట్ల ఎంత పెట్టుకున్నదో లెక్క చూడవద్దు. "చిక్కినవు", "బలిసినవు" రెండూ అనవద్దు. మెచ్చుకోలు కూడ నాకు కీడే చేసింది. బొద్దుది, బక్కది, కర్రది అని పేర్లు పెట్టవద్దు. వాంతి చేసుకున్న అమ్మాయి మీద మాట పుట్టించవద్దు. ఆ ఒక్క మాటకు భయపడి నేను ఐదు నెలలు దాచిన.

సాయం దొరికే చోటు: టెలీ మానస్, ఫోన్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసలు పడవు, రాత్రి పగలు ఎప్పుడైన తెలుగులనే మాట్లాడవచ్చును. పిల్లల కోసం 1098 కూడ ఉన్నది. మన రామగుండంలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, దానికి కలిసిన జనరల్ ఆస్పత్రి గోదావరిఖనిల ఉన్నది. పెద్ద అవసరం పడితే హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నది. దాని పేరు చెప్పి ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటం గదా, అది మానెయ్యాలె. పన్ను నొస్తే పండ్ల డాక్టరు, మనసు నొస్తే మనసు డాక్టరు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఈ వైద్యం పొందుట మన హక్కు.

9. వార్డెన్ మేడం గారికి మనవి

మేడం, మీరు నాకు చాలా సాయం చేసిన్రు. అయినా అందరి తరఫున మూడు అడుగుతున్న. కోపగించవద్దని ప్రార్థన.

ఒకటి: ఆరోగ్య పరీక్ష నాడు మా బరువులు అందరి ముందట పైకి చదవవద్దు. రిజిస్టర్ల రాసుకుంటె చాలు. బరువు చదివినప్పుడు నవ్వు వస్తది, ఆ నవ్వు మాలో ఒకరి వెంట రాత్రి దాక పోతది.

రెండు: పూట తప్పిచ్చిన అమ్మాయిని ప్రేయర్‌ల నిలబెట్టి అడగవద్దు. శిక్షగ అన్నం ఆపవద్దు. విడిగ పిలిచి అడిగితే చెప్తరు.

మూడు: 14416 నంబరు ఆఫీసు ఫోను పక్కన రాసి అతికించండి. ఫోను చేస్తనన్న అమ్మాయిని ఎందుకని అందరి ముందట అడగవద్దు.

నాలుగవది కూడ ఉన్నది, కాని అది మనవి కాదు. ఆయమ్మకు మన అందరి తరఫున వందనాలు.

10. ప్రశ్నలు

(అ) బులీమియా చక్రంలో ఐదు మెట్లు ఏవి? ఏ మెట్టు కాడ తెంపుట సులభము? కారణము రాయుము.
(ఆ) ఫిజీ దీవులలో 1995కు, 1998కి మధ్య ఏమి మారినది?
(ఇ) పొటాషియం తగ్గితే ఏమి ప్రమాదము?
(ఈ) బొగ్గుబాయి ఫ్యానుకు, హాస్టల్ గంటకు పోలిక రాయుము.
(ఉ) ఈ వారం నీవు ఎవరికైన పెట్టిన ఎగతాళి పేరు ఏది? (దీనికి జవాబు రాసి చూపవలసిన పని లేదు. ఆ పేరు మానేస్తే 5 మార్కులు.)

గమనిక: ఈ పాఠం గురించి అడగాలనుకున్నవాళ్లు సాయంత్రం గుగ్గిళ్ల గంట అయినంక వేపచెట్టు కిందికి రండి. నేను నా గిన్నె పట్టుకొని అక్కడనే ఉంట.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, రోల్ నంబరు 17